తొమ్మిదో పేజీ

తవిటినాయుడు షట్టర్ సగం దించాక
మాకు మిషన్ దొరుకుతుంది.
పగలంతా ఆధార్ కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు,
కుల ధ్రువీకరణ పత్రాలు తిని తిని వేడెక్కిన జెరాక్స్ మిషన్.
రాత్రి తొమ్మిదిన్నర దాటితే పక్కకి అర్ధరూపాయి,
కాయితం మాదే.
మూడు లాంతర్ల దగ్గర ఆఖరి ఆటో
నెల్లిమర్ల నెల్లిమర్ల అని కేకేసి కేకేసి
ఖాళీగానే వెళ్ళిపోయింది.

పత్రిక పేరు గోగునార.
ఎవరు పెట్టారంటే ఎవరికి వారే నేనంటారు.
ఇరవై నాలుగు పేజీలు, అరవై కాపీలు, సంపాదకుడు లేడు.
ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు కడిగి ఆరబెట్టేసిన
సైన్‌బోర్డుల జోగులు మాస్టారు,
డిగ్రీ మధ్యలో ఆపిన కుసుమ,
నేను,
పారమ్మ.

పేజీలు పేర్చడమే పెద్ద లెక్క.
ఒకటి పక్కన ఇరవై నాలుగు, రెండు పక్కన ఇరవై మూడు,
ఏ జంటని కూడినా ఇరవై అయిదే రావాలి.
కిందటిసారి తప్పాం.
కథలో చచ్చిపోయినవాడు
రెండు పేజీల తర్వాత పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు.
చదివినవాళ్ళు బాగుందన్నారు.

స్టేప్లర్ నడుము దాకా అందదు.
అందుకని పారమ్మ.
ఇరవై ఆరేళ్ళు జూట్ మిల్లు కుట్టు సెక్షన్లో
సంచుల మూతులు మూసిన చెయ్యి.
గేటుకి తాళం పడ్డ రోజు
దబ్బనం ఒకటి కొప్పులో దోపుకొని వచ్చేసింది.
"ఇదేనమ్మా నా పీయెఫ్పు."
మూడు పోట్లు, ఒక ముడి, పంటితో కొరికిన దారం.
చదవడం రాదు.
తలకిందులుగా కుడుతున్నావని కుసుమ అంటే
"అచ్చరాలు మీయి, ఈపు నాది" అంది,
విప్పి మళ్ళీ కుట్టింది.

ఈ సంచికలో తొమ్మిదో పేజీ తనది.
నైట్ షిఫ్టు, ఒక మేస్త్రీ, ఒక చెప్పు.
తను చెప్పింది, కుసుమ రాసింది.

నలభై తొమ్మిది కాపీలు దాటాక మిషన్ దగ్గింది.
ముందు బూడిద రంగు,
తర్వాత ఎలక తోకంత గీత,
తర్వాత తెలుపు.
టోనర్ రేపు మధ్యాహ్నం దాకా రాదన్నాడు తవిటినాయుడు.
పదకొండు కాపీల్లో తొమ్మిదో పేజీ లేదు.
దాని జంట పదహారో పేజీ, అందులో నా కవితా లేదు.
దాని గురించి ఎవరూ అడగలేదు.

తెల్లారి ఆ పదకొండూ పట్టుకొని
పారమ్మ గుమ్మంలో కూర్చున్నాం.
మళ్ళీ చెప్పు, చేత్తో రాసేస్తాం.

మొదటి దాంట్లో చెప్పు మేస్త్రీ చెంపకి తగిలింది.
రెండో దాంట్లో గోడకి కొట్టుకొని
తన కాళ్ళ దగ్గరికే తిరిగొచ్చింది.
మూడో దాంట్లో విసిరింది తను కాదు, పక్క వరస సూరీడమ్మ.
అయిదో దాంట్లో మేస్త్రీయే లేడు,
రేకుల మీద వాన, ముక్కుల్లో నార ధూళి,
ఎవరో ఇచ్చిన సగం జామకాయ.
ఏడో దాంట్లో తను కడుపుతో ఉంది.
అది మాకు తెలీదు.
ఎనిమిదో దాంట్లో ఆ మాట ఎత్తలేదు.

కుసుమ పెన్ను ఆపింది.
"ఇందులో ఏది నిజం పిన్నీ?"
పారమ్మ దారం కొరికి, పోగు ఉమ్మేసి
"ఎన్ని మిగిల్నాయే?" అంది.
మూడు.
"అయితే రాయి."

కాపీ పది రూపాయలు.
కాంప్లెక్స్ ఎదర టీ బండి మీద,
సైకిల్ షాపులో, మంగలి అద్దం కింద పెట్టాం.
చేతిరాతవే ముందు అయిపోయాయి.
ఏడోది మాత్రం బయట పెట్టలేదు.
పదహారో పేజీ ఖాళీగా ఉంది కదా,
బొమ్మ ఏదైనా వేస్తానని జోగులు మాస్టారు
చాన్నాళ్ళకి కుంచె తడిపాడు.
చాలాసేపు కూర్చున్నాడు.
కుంచె అలాగే ఆరిపోయింది.